గుంట గట్టున వలసపక్షి: చట్టం ఏమంటుంది, మనం ఏం చేయాలి

ఈశాన్య రుతుపవనాల వానలు మొదలయ్యేసరికి నెల్లూరు తీరంలో రెండు పనులు ఒకేసారి మొదలవుతాయి. సోమశిల నీళ్లు కాలువలకు రావడంతో పెన్నా డెల్టాలో రబీ వరికి కయ్యలు దమ్ము చేస్తారు. అవే రోజుల్లో సైబీరియా, మంగోలియా, మధ్య ఆసియా దేశాల నుంచి సూదితోక బాతులు, ఉల్లంకులు, బార్ హెడెడ్ గూస్ అనే పెద్ద బాతులు మన చెరువుల్లోనూ, ఉప్పు కొఠార్లలోనూ, కోతకొచ్చిన రొయ్యల గుంటల పక్కనా దిగుతాయి. మార్చి దాకా అవి ఇక్కడే ఉంటాయి. గుళికల మందు చల్లేదీ, గుంటల మీద వలలు బిగించేదీ, సంక్రాంతికి గాలిపటాలు ఎగరేసేదీ ఆ అయిదారు నెలల్లోనే. పక్షిని చంపాలనే ఉద్దేశం ఎవరికీ లేకపోయినా ప్రతి ఏడూ కొన్ని పక్షులు ఇలా మన పనుల మధ్య చిక్కుకుని చనిపోతున్నాయి. అలా జరగకుండా ముందు ఏం చేయాలో, జరిగితే తరువాత ఏం చేయాలో, ఈ రెండింటి విషయంలో మన చట్టాలు ఏమంటున్నాయో తీర ప్రాంతపు రైతులకు, మత్స్యకారులకు ఉపయోగపడేలా ఇక్కడ వివరిస్తున్నాను.

నేలపట్టు, పులికాట్ అభయారణ్యాలు 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనతో తిరుపతి జిల్లాలో చేరాయి. అందువల్ల పక్షుల చట్టంతో తమకు ఇక పని లేదని ఇటు ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు మండలాల వాళ్లు కొందరు, అటు ప్రకాశం జిల్లాలో కొత్తపట్నం వైపు వాళ్లు కొందరు అనుకోవడం నేను విన్నాను. అది సరి కాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 అభయారణ్యానికి లోపల మరింత కఠినంగా ఉంటుందే తప్ప, బయట లేకుండా పోదు. మీ సొంత పట్టా భూమిలో, మీ సొంత గుంటలో దిగిన కొంగకు కూడా అది వర్తిస్తుంది. నేలపట్టు కడప చెట్ల మీద గూడు కట్టుకున్న గూడబాతు మేత కోసం ఎంతో దూరం తిరుగుతుంది. అది ఎక్కడ దిగితే అక్కడికి ఆ రక్షణ దానితో పాటే వస్తుంది.

చట్టంలో ముందుగా చదవవలసిన మాటలు

వేట అంటే తుపాకీ పట్టుకుని అడవికి వెళ్లడమని మనలో చాలామంది భావిస్తారు. చట్టంలోని రెండో సెక్షన్ ఇచ్చే నిర్వచనం అంత ఇరుకైనది కాదు. చంపడం, విషం పెట్టడం, పట్టుకోవడం, ఉచ్చు పన్నడం, తరమడం, ఎర వేయడం, వీటిలో దేనికైనా ప్రయత్నించడం, గాయపరచడం, ఇవన్నీ వేట కిందికే వస్తాయి. పక్షుల విషయంలో గుడ్లను పాడుచేయడం, గుడ్లను గానీ గూళ్లను గానీ కదిలించడం కూడా వేటే. ఆ నిర్వచనంలో ఉద్దేశం అనే మాట లేదు. ఎలుకల కోసం పెట్టిన మందు బాతు తిన్నదా, బాతు కోసమే పెట్టారా అన్నది ఆ తరువాతి విచారణలో తేలవలసిన సంగతి. మొదట అధికారి కంటికి కనిపించేది గట్టు మీద చచ్చిన పక్షి, దాని పక్కన మీ మందు.

తొమ్మిదో సెక్షన్ ప్రకారం, చట్టానికి జతచేసిన జాబితాల్లో, అంటే షెడ్యూళ్లలో, మొదటి రెండింటిలో ఉన్న ఏ ప్రాణినీ వేటాడకూడదు. 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చి షెడ్యూళ్లను తిరగరాసింది. మొదటిది అత్యున్నత రక్షణ పొందే జంతువులకు, రెండోది మిగిలిన జంతువులకు, మూడోది మొక్కలకు, నాలుగోది అంతర్జాతీయ వ్యాపార ఒప్పందం కిందికి వచ్చే జీవులకు. అంతకు ముందు కాకులు, ఎలుకలు వంటివాటికి హానికర జంతువులనే పేరుతో ఒక షెడ్యూలు ఉండేది. అది ఇప్పుడు లేదు. కాబట్టి ఫలానా పక్షి ఏ షెడ్యూలులో ఉందో వెతుక్కునే శ్రమ రైతు పెట్టుకోనక్కరలేదు. గుంట మీదికి వచ్చిన అడవి పక్షి ఏదైనా రక్షణ ఉన్నదేనని భావించి నడుచుకోవడం క్షేమం.

శిక్ష విషయానికి వస్తే, సాధారణ ఉల్లంఘనకు మూడేళ్ల దాకా జైలు గానీ, లక్ష రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. నెమలి వంటి మొదటి షెడ్యూలు ప్రాణి విషయంలోనూ, అభయారణ్యంలో చేసిన వేట విషయంలోనూ జైలు మూడేళ్లకు తగ్గదు, ఏడేళ్ల దాకా ఉండవచ్చు. జరిమానా కనీసం 25,000 రూపాయలు. అభయారణ్యం లోపల మరికొన్ని నిషేధాలు ఉన్నాయి: 29వ సెక్షన్ ప్రకారం లోపలికి వచ్చే నీటిని గానీ బయటికి పోయే నీటిని గానీ అనుమతి లేకుండా మళ్లించకూడదు, ఆపకూడదు, 32వ సెక్షన్ ప్రకారం వన్యప్రాణులకు హాని చేసే రసాయనాలు, పేలుడు పదార్థాలు వాడకూడదు. పులికాట్ అంచున చెరువులు, గుంటలు ఉన్నవాళ్లు ఈ రెండు సెక్షన్లను ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

నా దృష్టిలో రైతుకు అన్నింటికంటే ముఖ్యమైనది 39వ సెక్షన్. చచ్చి కనిపించిన వన్యప్రాణి, పొరపాటున చంపబడిన వన్యప్రాణి ప్రభుత్వ ఆస్తి అవుతాయని అందులో ఉంది. పొరపాటు జరుగుతుందని చట్టం రాసినవాళ్లు ముందే ఊహించారన్నమాట. అలాంటి ఆస్తి ఏ విధంగానైనా చేతికి వచ్చినవారు 48 గంటల్లోగా దగ్గరి పోలీసు స్టేషన్‌కు గానీ అధికారం ఉన్న ఉద్యోగికి గానీ తెలియజేయాలి, అడిగితే అప్పగించాలి. అనుమతి లేకుండా దాన్ని ఉంచుకోవడం, ఇతరులకు ఇవ్వడం, పాడుచేయడం కుదరదు. ఈ 48 గంటల గురించి ముందు ముందు మళ్లీ మాట్లాడుకోవాలి.

పొరపాటున జరిగిన మరణానికి బాధ్యత ఎవరిదన్నది అన్ని దేశాల్లోనూ ఒకేలా తేలలేదు. అమెరికాలో 1918 నాటి వలసపక్షుల చట్టం ఇలాంటి మరణాలకు వర్తించదని 2021 జనవరిలో ఒక నియమం తెచ్చి, అదే ఏడాది అక్టోబరులో రద్దు చేశారు. మన చట్టంలో అలాంటి మినహాయింపు రాయనే లేదు. పైగా వలసజాతుల సంరక్షణ కోసం 1979లో బాన్ నగరంలో కుదిరిన ఒప్పందంలో మన దేశం 1983 నుంచి భాగస్వామి. 2020 ఫిబ్రవరిలో ఆ ఒప్పంద దేశాల 13వ మహాసభ గుజరాత్‌లోని గాంధీనగర్‌లోనే జరిగింది. మన తీరానికి వచ్చే పక్షుల దారిని మధ్య ఆసియా వలస మార్గం అంటారు. అది 30 దేశాల మీదుగా సాగుతుంది.

రొయ్యల గుంటల దగ్గర

ఇక్కడ రైతుకు నిజంగానే ఒక చిక్కు ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. వనామీ రకం రొయ్య సాగును 2009లో అనుమతించినప్పుడు, తీరంలో రొయ్యల సాగును నియంత్రించే కేంద్ర సంస్థ కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ ఇచ్చిన మార్గదర్శకాల్లోనే కంచె, నీటి నిల్వ గుంట, గుంటకొకటిగా విడి పనిముట్లు, వీటితో పాటు పక్షులను బెదరగొట్టే ఏర్పాటు ఉండాలని ఉంది. తెల్లమచ్చ వైరస్ సోకిన రొయ్యను కొంగ ఒక గుంటలో ముక్కున కరచుకుని మరో గుంటలో జారవిడిస్తే జబ్బు దానితో పాటే వెళుతుంది కాబట్టి ఆ నిబంధనకు కారణం ఉంది. ఒక చట్టం పక్షిని రానివ్వవద్దంటుంది, మరొకటి దానికి హాని చేయవద్దంటుంది. ఈ రెండూ నిజానికి ఒకదానికొకటి అడ్డం కావు. పక్షి రాకుండా చూసుకోవడం వేరు, వచ్చిన పక్షి వెంటపడటం వేరు. మొదటిది మీ హక్కు, బాధ్యత కూడా. రెండోది వేట నిర్వచనంలోని తరమడం అనే మాటకు దగ్గరగా వెళుతుంది.

కాబట్టి గుంట మీద ఏర్పాటు ఎలా చేస్తున్నామన్నదే ప్రశ్న. పక్షులు చావడానికి ముఖ్య కారణం చూపుకు ఆనని సన్నని నైలాన్ దారం, వదులుగా వేలాడే వల. దూరం నుంచి వాలుతున్న కొంగకు సన్న దారం కనపడదు. తగిలాక రెక్క మెలిపడి, తప్పించుకోబోయి ఇంకా చుట్టుకుంటుంది. దీనికి విరుగుడు ఖరీదైనదేమీ కాదు. దారం లావుగా, తెల్లగా లేదా పసుపురంగులో ఉండేది ఎంచుకోవాలి. రెండు గట్ల మధ్య దాన్ని వీణ తీగలా బిగించాలి. మధ్యలో కుంగిపోయే వెడల్పు ఉంటే గుంటలో ఒక వరుస గుంజలు పాతి మోపు ఇవ్వాలి. దారాల మీద అక్కడక్కడ మెరిసే రిబ్బను ముక్కలు కడితే పక్షి దూరం నుంచే చూసి పక్కకు తిరుగుతుంది. అలా తిరిగిపోవడమే మనకూ కావలసింది. పూర్తి వల వేసేవాళ్లు కన్ను చిన్నదిగా, పక్షి తల, రెక్క దూరనంతగా ఉండే వల తీసుకుని, అంచులు గట్టు దాకా దించి కట్టాలి. పక్కల నుంచి దూరిన పక్షికి బయటికి దారి దొరకదు.

వల కట్టడంతో పని అయిపోయినట్లు కాదు. ఉదయం మేత వేయడానికి వెళ్లిన మనిషి గుంట చుట్టూ ఒకసారి తలెత్తి చూడాలి, సాయంత్రం రొయ్య మేత తిన్నదో లేదో తెలిపే చెక్ ట్రేలు చూసేటప్పుడు మరోసారి చూడాలి. రాత్రిపూట తిరిగే కొంగజాతులు ఉంటాయి కాబట్టి తెల్లవారుజాము చూపు తప్పనిసరి. కొన్నేళ్ల కిందట మా గట్టు మీద పంట తీసేశాక విప్పకుండా వదిలేసిన పాత వలలో ఒక కొంగ చిక్కి రెండు రోజులు అలాగే వేలాడింది. అక్కడ మేత లేదు, కాపలా లేదు, కాబట్టి ఎవరూ అటు పోలేదు. పంట ఉన్నప్పుడు వేసిన వల కంటే పంట అయిపోయాక విప్పని వలే ఎక్కువ ప్రమాదమని నేను ఆ రోజు తెలుసుకున్నాను. పంట తీసిన రోజే వల, దారం విప్పి చుట్టి షెడ్డులో పెట్టడాన్ని పనివాళ్లతో కుదుర్చుకున్న పనిలో భాగం చేయండి.

పక్షులను బెదరగొట్టడానికి డబ్బా చప్పుడు, దిష్టిబొమ్మ, గాలికి తిరిగే రేకులు, కాపలా మనిషి చాలావరకు సరిపోతాయి. ఒకే చప్పుడు ఒకే చోటి నుంచి రోజూ వస్తే పక్షులు నాలుగు రోజుల్లో అలవాటు పడతాయి; చోటు మారుస్తూ ఉండాలి. ఉండేలు, ఎయిర్ గన్ మాత్రం గుంటల దగ్గర ఉండనే కూడదు. బెదిరించడానికే అని చెప్పినా, తగిలిన గుండుకు ఆ సంజాయిషీ పనికిరాదు. పక్షులు నిద్రపోయే చెట్ల దగ్గర, గూళ్ల దగ్గర టపాసులు కాల్చకూడదు.

మరొక మాట. ఏ రోజైనా ఒక గుంట మీద కొంగలు, నీటికాకులు అసాధారణంగా మూగితే వాటిని తోలే ముందు రొయ్యను చూడండి. నీరసించిన రొయ్య పైకి తేలినప్పుడు, గట్టు వారకు చేరినప్పుడు పక్షులకు అది మనకంటే ముందు తెలుస్తుంది. చచ్చిన రొయ్యను వెంటనే తీసి సున్నం వేసి పూడ్చిపెడితే పక్షుల రాక దానంతట అదే తగ్గుతుంది. పీతలను చంపడానికి పొలాల పురుగుమందును గుంటలో పోసే అలవాటు ఎక్కడైనా ఉంటే మానుకోవాలి. ఆ పీతను తిన్న కొంగ చావు విషం పెట్టడం కిందికే వస్తుంది.

వరి కయ్యల్లో

గుళికల మందు పక్షికి ఎందుకు ప్రమాదమో ముందు తెలుసుకోవాలి. గింజలు తినే పక్షులు, బాతులు మేతను అరిగించుకోవడానికి ఇసుక రేణువులు, చిన్న రాళ్లు మింగుతాయి. గట్టు మీద ఒలికిన గుళిక వాటికి గింజలాగానో ఇసుకలాగానో కనిపిస్తుంది. అందువల్ల మందు చల్లిన కయ్య కంటే సంచి విప్పిన గట్టే ఎక్కువ హాని చేస్తుంది. సంచిని గట్టు మీద కాకుండా పట్టా పరచి విప్పాలి. ఒలికినదాన్ని ఊడ్చి మట్టిలో లోతుగా కలపాలి. పలుచగా నీరు పెట్టిన కయ్యలో చల్లి, ఆ నీరు కాలువలోకి, చెరువులోకి పోకుండా మడవ కట్టేయాలి. మిగిలిన మందును, ఖాళీ డబ్బాను కాలువలో కడగకూడదు.

ఏ మందు వాడుతున్నామన్నది కూడా చట్టం పరిధిలోకి వచ్చింది. ఫోరేట్ 2020 డిసెంబరు 31 నుంచి దేశమంతటా నిషిద్ధం. కార్బోఫ్యురాన్ విషయంలో 2023లో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు, పూత వేసిన 3 శాతం గుళికల రూపాన్ని మాత్రమే ఉంచి మిగిలిన రూపాలను నిషేధించింది. పాత సరుకు దుకాణంలో మూల పడి ఉండవచ్చు, చవకగా ఇస్తామనవచ్చు. బిల్లు అడగండి. బిల్లు మీద మందు పేరు, తయారీ తేదీ ఉంటే అది రేపు ఏ విచారణలోనైనా మీకు అండగా నిలుస్తుంది. బిల్లు లేని మందు వాడిన పొలంలో పక్షులు చనిపోతే మీ పక్షాన చెప్పడానికి ఏమీ మిగలదు.

ఎలుకల మందు సంగతి. వ్యవసాయ శాఖ చెప్పే బ్రోమాడయోలోన్ ఎరలో 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు మందు ఉంటాయి. దాన్ని కాగితపు పొట్లాలు కట్టి ఎలుక ఉన్న కన్నంలోకి లోపలికి తోసి, పైన మట్టితో మూయాలి. గట్టు మీద ఆకుల్లో పెట్టి వదిలితే అది అన్ని పక్షులకూ పెట్టిన ఎరే. చచ్చిన ఎలుకలను ఆ తరువాతి రోజుల్లో ఏరి పూడ్చాలి, ఎందుకంటే విషం తిన్న ఎలుకను తిన్న గుడ్లగూబ, గద్ద కూడా చనిపోతాయి. ఊరంతా ఒకే రోజు ఈ పని పెట్టుకుంటే ఎలుకలూ తగ్గుతాయి, వాడే మందూ తగ్గుతుంది.

పంటకు పక్షుల వల్ల నిజంగా భరించలేని నష్టం జరుగుతుంటే దానికీ చట్టంలో దారి ఉంది. 11వ సెక్షన్ కింద రెండో షెడ్యూలు ప్రాణి మనుషులకు, ఆస్తికి, నిలిచి ఉన్న పంటకు ప్రమాదకరంగా మారిందని నిర్ధారణ అయితే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారమిచ్చిన ఉద్యోగి గానీ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. ఆ కాగితం చేతికి రాకముందు ఎవరూ సొంతంగా ఏమీ చేయకూడదు. అడవి పందుల కోసం పొలం చుట్టూ కరెంటు తీగ లాగడం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. దాని బారిన పడి నెమళ్లే కాదు, మనుషులు కూడా పోయారు.

వలలు, గాలిపటాలు, తీగలు

పెన్న సముద్రంలో కలిసే చోట, కండలేరు క్రీక్‌లో, బకింగ్‌హాం కాలువ వెంట నీటిలో నిలబెట్టే వలల్లో మునిగి చేపను వెంటాడే నీటికాకులు, బాతులు చిక్కుకుంటాయి. నీట మునిగిన పక్షి కొద్ది నిమిషాల్లోనే ఊపిరాడక చనిపోతుంది కాబట్టి ఇక్కడ తరువాత చేసే సాయం అంటూ ఏమీ ఉండదు, ముందు జాగ్రత్తే ఉంటుంది. పక్షుల గుంపు మేస్తున్న చోటును వదిలి కొంచెం అవతల వల వేయడం, వల వేసి ఇంటికి పోకుండా దగ్గరే ఉండటం, తెల్లవారుజామున, సాయంత్రం మేత వేళల్లో వల నీటిలో వదలకపోవడం, ఈ మూడూ మత్స్యకారులు చేయగలిగినవే. తెగిన వల ముక్కను నీటిలోకి గానీ ఒడ్డు మీదికి గానీ విసరకూడదు. నైలాన్ కుళ్లదు, మనిషి మరచిపోయినా ఆ వల వేటాడుతూనే ఉంటుంది. రేవు దగ్గర ఒక డ్రమ్ము పెట్టుకుని పాత వలలు అందులో వేసి పాతసామాన్ల వ్యాపారికి ఇస్తే సరిపోతుంది.

గాలిపటాలకు వాడే నైలాన్ వంటి కృత్రిమ దారాన్ని, అంటే మాంజాను, జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017 జులైలో దేశమంతటా నిషేధించింది. నూలు దారం తెగుతుంది, అది తెగదు, తేడా అదే. ఇంట్లో పిల్లలకు దారం కొనేది పెద్దలే కాబట్టి బాధ్యత పెద్దలదే. సంక్రాంతి మూడు రోజుల్లో తెల్లవారాక, పొద్దు గూకే ముందు పక్షులు గూటికీ మేతకూ తిరిగే వేళలో గాలిపటాలు దించేయడం మంచిది. పండగ అయ్యాక చెట్ల మీద, కరెంటు తీగల మీద మిగిలిన దారంలో చెట్ల మీద ఉన్నదాన్ని మనమే తీయవచ్చు. తీగల మీద ఉన్నది మాత్రం విద్యుత్ సిబ్బంది తీయవలసిందే. దానికి 1912 నంబరుకు ఫోన్ చేయాలి. విద్యుత్ పంపిణీ సంస్థ, అంటే డిస్కం, నెల్లూరు జిల్లాకు దక్షిణ డిస్కం, ప్రకాశం జిల్లాకు మధ్య డిస్కం అయినా ఫిర్యాదు నంబరు ఒక్కటే. రాజహంసలు (ఫ్లెమింగోలు) రాత్రిపూట కూడా మేత చోటు మారుతూ ఎగురుతాయి, చీకట్లో తీగ వాటికి కనపడదు. ఒకే లైను కింద పదే పదే పక్షులు చచ్చి కనిపిస్తుంటే స్తంభం నంబరు రాసి డిస్కంకు, అటవీ శాఖకు ఒకే అర్జీ రెండు ప్రతులుగా ఇవ్వండి. ఆ తీగలకు మెరిసే బిళ్లలు తగిలించే పద్ధతి ఉంది.

చెట్లు, ఇసుక

వలస వచ్చిన బాతులు, ఉల్లంకులు ఇక్కడ గూడు పెట్టవు, తిని బలిసి తిరిగి వెళతాయి. గూళ్లు పెట్టేవి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు వంటివి. గూళ్లు ఉన్న చెట్టును పిల్లలు ఎగిరిపోయే దాకా కొట్టకూడదు, కొమ్మ కూడా నరకకూడదు. గూడు కదిలించడం వేటలో భాగమని పైన చూశాం. దానికి తోడు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం కింద చెట్టు కొట్టడానికి విడిగా అనుమతి కావాలి. ఇసుక తిన్నెల మీద నేరుగా గుడ్లు పెట్టే పక్షులు ఉన్నాయి కాబట్టి వేసవిలో ఏటి ఇసుకలోనూ సముద్రపు ఒడ్డునా ట్రాక్టరు తోలేవాళ్లు ఉన్న దారినే పోవాలి.

చిక్కిన పక్షి బతికి ఉంటే

మొదట చేయవలసినది ఫోన్. అటవీ శాఖ బీట్ అధికారి లేదా రేంజ్ అధికారి నంబరు సీజను మొదలు కాకముందే సంపాదించి షెడ్డు గోడ మీద రాసి పెట్టుకోవాలి. పక్షి చిక్కాక నంబరు వెతకడం మొదలుపెడితే సగం పొద్దు గడిచిపోతుంది. అది దొరకకపోతే 112. వైద్యం కోసం సంచార పశువైద్య వాహనపు నంబరు 1962.

వాళ్లు వచ్చేలోగా చేయి పెట్టక తప్పకపోతే ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు తువ్వాలు పక్షి తల మీద, రెక్కల మీద కప్పి ఒళ్లు పట్టుకోవాలి. కళ్లకు వెలుతురు తగలకపోతే చాలా పక్షులు వెంటనే శాంతిస్తాయి. రెండోవారు కత్తెరతో దారాన్ని తెంచాలి. లాగకూడదు, విప్పే ప్రయత్నం చేయకూడదు. వల విలువ చూసి తటపటాయించకూడదు. కొంగను పట్టినప్పుడు ముఖం దూరంగా ఉంచాలి, అది నేరుగా కంటిని పొడుస్తుంది. ముక్కును చేత్తో అదుపులో పెట్టవచ్చు. అయితే గూడబాతు, నీటికాకి విషయంలో ముక్కును పూర్తిగా మూసి పట్టుకోకూడదు. అవి నోటితోనే ఊపిరి తీస్తాయి, కాపాడబోయి ఊపిరాడకుండా చేసినవాళ్లమవుతాం. పొడుగు కాళ్ల పక్షులను కాళ్లు మడిచి సంచిలో కుక్కకూడదు, కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీయకూడదు. గాలం ముల్లు గుచ్చుకుని ఉంటే దారం మాత్రం కత్తిరించి ముల్లును పశువైద్యుడికి వదిలేయాలి.

తరువాత గాలి ఆడే కన్నాలు చేసిన అట్టపెట్టెలో, నీడలో, చప్పుడు లేని చోట ఉంచాలి. నోట్లో నీళ్లు పోయడం, అన్నం పెట్టడం మన మంచితనమే అయినా వద్దు. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పక్షిని ఎత్తుకుని ఫొటోలు దిగడం, ఇంటికి తీసుకెళ్లి నాలుగు రోజులు పెంచుదామనుకోవడం అసలే వద్దు. మన దగ్గర పక్షి ఎందుకుందన్న ప్రశ్నకు సమాధానం ఫోన్ చేసిన సమయమే కావాలి, మన మంచి మనసు కాదు.

కాలికి లోహపు కడియం ఉంటే భయపడనక్కరలేదు, అది గూఢచారి పక్షి కాదు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వంటి సంస్థలు వలస దారి తెలుసుకోవడానికి తొడిగినది. కడియాన్ని తీయకుండా దాని మీది అక్షరాలు, అంకెలు ఉన్నవి ఉన్నట్లు రాసుకుని, దగ్గరగా ఒక ఫొటో తీసి అధికారికి ఇవ్వాలి.

చనిపోయి ఉంటే

పూడ్చవద్దు, కాలువలో వేయవద్దు, కుక్కలకు వదలవద్దు, వండుకోవడం గురించి చెప్పనే అక్కరలేదు. ఒకటి రెండు కాకుండా గుంపుగా చచ్చి కనిపిస్తే ఎవరూ తాకకుండా చూసి పశుసంవర్ధక శాఖకు కూడా తెలపాలి. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలోనే కోళ్లలో బర్డ్ ఫ్లూ బయటపడింది. చావుకు కారణం మందా, జబ్బా అన్నది పరీక్షలో తేలవలసినదే తప్ప గట్టు మీద నిలబడి మనం తేల్చేది కాదు.

48 గంటలు లెక్కపెట్టవలసినది ఇక్కడే. ఫోన్‌లో చెప్పడం మొదటి పని, కాగితం మీద ఇవ్వడం రెండో పని. రెండోది వదిలేస్తే మొదటిది జరిగిందనడానికి రుజువు ఉండదు. చెప్పినవారిపై కేసు ఉండదనే హామీ చట్టంలో లేదు, అది నేను ఇవ్వలేను. కానీ జాగ్రత్తలు తీసుకున్నామని చూపగలిగి, తానే వచ్చి చెప్పిన మనిషిని చూసే తీరు వేరు, గట్టు తవ్వితే ఈకలు బయటపడిన మనిషిని చూసే తీరు వేరు. అందుకే సీజను మొదట్లో బిగించిన వల ఫొటో, మందు బిల్లు, రోజువారీ చూపు రాసుకున్న పుస్తకం భద్రంగా ఉంచమంటున్నాను.

అర్జీ ఇలా రాయవచ్చు:

"అటవీ రేంజ్ అధికారి గారికి. ............ మండలం, ............ గ్రామంలో సర్వే నంబరు ............ గల నా రొయ్యల గుంట మీద పక్షులు రాకుండా కట్టిన దారంలో ఒక పక్షి చిక్కి చనిపోయి ఉండటం ............ తేదీ ఉదయం ............ గంటలకు గమనించాను. అదే రోజు ............ గంటలకు మీ కార్యాలయానికి ఫోన్ ద్వారా తెలియజేశాను. పక్షిని, దారాన్ని కదిలించకుండా ఉన్నచోటనే ఉంచాను. ఫొటోలు జతచేస్తున్నాను. వన్యప్రాణి సంరక్షణ చట్టం 39వ సెక్షన్ ప్రకారం ఈ సమాచారం ఇస్తున్నాను. పక్షిని స్వాధీనం చేసుకుని రసీదు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను."

చనిపోయినది ఏ పక్షో కచ్చితంగా తెలియకపోతే ఊహించి పేరు రాయకండి, చూసిన రంగు, ఎత్తు రాయండి. రెండు ప్రతులు తీసుకెళ్లి, రెండోదాని మీద తేదీతో సహా ముద్ర వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి.